ముంత పగిలితే అప్పు తీరుతుందా? ప్రవక్తల సూచక క్రియలపై ఒక చర్చ

వేపచెట్టు (సోమవారం, రాత్రి 10:40)

మా అమ్మ వెళ్లే ప్రార్థన కూడికలో డిసెంబర్ 31 రాత్రి కుటుంబానికొక మట్టి ముంత ఇచ్చారు. తీరని అప్పులు, రోగాలు, కోర్టు కేసులు చీటీ మీద రాసి ముంతలో వేసి, పన్నెండు కొట్టగానే అందరూ ఒక్కసారిగా నేలకేసి కొట్టాలి. దీనికి ‘ప్రవచనాత్మక క్రియ’ అని పేరు. ఆధారం యిర్మీయా గ్రంథం 19వ అధ్యాయం అని చెప్పారట. అమ్మ ఇంటికొచ్చి ఏడాదిలో ఎన్నడూ లేనంత హాయిగా పడుకుంది. నాకే నిద్ర పట్టక ఆ అధ్యాయం తీసి చదివాను.

అందులో అప్పు లేదు, విడుదలా లేదు. యిర్మీయా కుమ్మరి దగ్గర కూజా కొని, ప్రజల పెద్దలనూ యాజకుల పెద్దలనూ వెంటబెట్టుకుని యెరూషలేము బయట ఉన్న బెన్‌హిన్నోము లోయకు వెళ్లాడు. వాళ్లు చూస్తుండగా దాన్ని పగలగొట్టాడు. ఇక అతకడానికి వీలులేకుండా ఈ ప్రజనూ ఈ పట్టణాన్నీ దేవుడు ఇలాగే పగలగొడతాడని చెప్పాడు. తిరిగొచ్చి ఆలయ ఆవరణలో అదే మాట అంటే, పషూరు అనే ఆలయ అధికారి ఆయనను కొట్టించి రాత్రంతా బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో, వేయించాడు. మా ఇళ్లలో కుండ పగిలిందంటే శ్మశానమే గుర్తొస్తుంది. యెరూషలేములో ఆ రోజు జరిగింది కూడా దాదాపు అదే. దాన్ని కొత్త సంవత్సరపు దీవెనగా ఎలా మార్చారో నాకు అర్థం కాలేదు.

ప్రవక్తలు చేసిన ఇలాంటి పనులను ఇవాళ మనం తిరిగి చేయవచ్చా? చేస్తే దేనికి? అమ్మతో వాదించడానికి అడగడం లేదు. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు.


ఆదివారంబడి (సోమవారం, రాత్రి 11:25)

అమ్మా, ముప్పయ్యేళ్లు పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పినవాడిని. వీటిని మేము సూచక క్రియలు అంటాం. హీబ్రూలో ‘ఓత్’, ‘మోఫేత్’ అనే మాటలు వస్తాయి. గురుతు, సూచన అని చెప్పుకోవచ్చు. ప్రవక్త తనకు తోచి చేసినవి కావు ఇవి. ముందు ఆజ్ఞ, తరువాత క్రియ, ఆ వెంటనే దాని భావం. ఆజ్ఞను వదిలేసి క్రియ ఒక్కటే తెచ్చుకుంటే అది పెళ్లికొడుకు లేని ఊరేగింపు.

ఇంకొక సంగతి. వీటిలో ఏదీ చేసినవాడికి లాభం తెచ్చిపెట్టలేదు. యెషయా మూడేళ్లు బట్టలూ చెప్పులూ లేకుండా తిరిగాడు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము బొమ్మ గీసి, చుట్టూ ముట్టడి దిబ్బలు కట్టి, మధ్యలో ఇనుప పెనాన్ని గోడలా నిలబెట్టి, ఎడమ పక్కకు తిరిగి 390 రోజులు, కుడి పక్కకు తిరిగి 40 రోజులు పడుకున్నాడు. తిండి రోజుకు 20 తులాలు, అంటే పావుకిలోకు తక్కువే. నీళ్లు అరలీటరుకు కాస్త ఎక్కువ. గోధుమలు, యవలు, చిక్కుళ్లు, పప్పు, చిరుధాన్యాలు, ఇంట్లో మిగిలినవన్నీ కలిపిన పిండి. ఆ రొట్టెను మనిషి మలం మీద కాల్చమంటే, చిన్ననాటి నుంచి అపవిత్రమైనది నోట పెట్టలేదని ఆయన బతిమాలుకున్నాడు. అప్పుడు దేవుడు పేడకు ఒప్పుకున్నాడు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా పట్నం పిల్లలు ముఖం చిట్లించేవారు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు మాత్రం "పిడకల మీద కాల్చుకుంటే తప్పేముంది సార్" అనేవారు. శిక్ష ఎక్కడ సడలిందో వాళ్లకే సరిగ్గా తెలిసింది.

మీ అమ్మగారి చేతికిచ్చిన ముంతలో ఆజ్ఞా లేదు, నష్టమూ లేదు.


శాసనం (మంగళవారం, ఉదయం 6:50)

ముంత కథ చదివి నవ్వు ఆగలేదు. మీ అమ్మగారిని చూసి కాదు. క్రీ.పూ. 19వ శతాబ్దం ప్రాంతంలో ఈజిప్టువాళ్లు అచ్చంగా ఇదే చేసేవారు. శత్రు రాజుల పేర్లు, పట్టణాల పేర్లు మట్టి పాత్రల మీద రాసి, వాటిని పగలగొట్టి పూడ్చేవారు. ఆ పెంకుల మీద యెరూషలేము పేరు కూడా కనిపిస్తుంది. మనల్ని పీడించేదాని పేరు రాసి, పాత్రతో పాటు దాన్నీ పగలగొట్టడం: కూడికలో జరిగింది ఫరోల కాలపు శాపక్రియ. యిర్మీయా పేరు పైన అతికించారు, అంతే.

ఇలాంటి ఆచారం యిర్మీయా నాటి జనానికి తెలిసే ఉంటుందని కొందరు పండితుల ఊహ. నాకూ అదే సబబుగా తోస్తుంది. అప్పుడు ఆ దృశ్యం ఇంకా పదునెక్కుతుంది. చేతిలో కూజాతో ప్రవక్త లోయకు రమ్మంటే పెద్దలు ఎందుకు వెళ్లారు? ఏ శత్రువు పేరో వినబోతున్నామని అనుకుని ఉంటారు. ఆయన పలికింది సొంత ఊరి పేరు.

ఇవి ఇశ్రాయేలు ప్రవక్తల సొత్తు కూడా కాదు. యూఫ్రటీసు ఒడ్డున మారి నగర శిథిలాల్లో దొరికిన క్రీ.పూ. 18వ శతాబ్దపు మట్టి పలకల్లో ఒక ఉత్తరం ఉంది. సగ్గరాతుం అనే ఊళ్లో ఒక ప్రవక్త అక్కడి అధికారిని అడిగి గొర్రెపిల్లను తీసుకున్నాడు. ఊరి ద్వారం దగ్గర దాన్ని పచ్చిగా తినేశాడు. పెద్దలను పోగుచేసి, ఇలాగే ఒక మింగివేత రాబోతోందని చెప్పాడు. ఆ అధికారి ఇదంతా మారి రాజు జిమ్రీలింకు రాసి పంపాడు. ఆ ప్రవక్త తన మాటకు ప్రతిఫలంగా బట్టలు కూడా అడిగి పుచ్చుకున్నాడు. యెషయా కథతో పోల్చి చదివితే ఆ చివరి వివరం బాగుంటుంది.


ఎదురుప్రశ్న (మంగళవారం, ఉదయం 9:15)

శాసనం గారు తమ వాదాన్ని తామే కూల్చుకున్నారు. ఈజిప్టులో పగలగొడితే మంత్రం, యిర్మీయా పగలగొడితే సందేశమా? హీబ్రూలో ‘దాబార్’ అంటే మాట, జరిగే సంగతి రెండూనని, అందుకే ప్రవక్త మాటకూ క్రియకూ జరిపించే శక్తి ఉందని వాళ్లు నమ్మేవారని పండితులే రాశారు. అంటే యిర్మీయా కూడా కుండ పగలగొట్టి నగరం కూలడాన్ని మొదలుపెట్టాననే అనుకుని ఉంటాడు. కూడికలోని ముంతకూ దానికీ తేడా దిశలోనే కానీ పద్ధతిలో లేదు.

అసలు ఇవన్నీ జరిగాయని ఎందుకు అనుకోవాలి? 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ అంతటివాడే ఇవి ప్రవక్తలు దర్శనంలో చూసినవే తప్ప వీధిలో చేసినవి కావన్నాడు. దేవుడు తన ప్రవక్తలను పిచ్చివాళ్లలా నవ్వులపాలు చేస్తాడా అన్నది ఆయన అభ్యంతరం. లెక్క కూడా కుదరదు. యెహెజ్కేలుకు మొదటి దర్శనం చెరపట్టబడిన ఐదో ఏట నాలుగో నెల ఐదో రోజున. ఆరో ఏట ఆరో నెల ఐదో రోజున ఆయన ఇంట్లో కూర్చుని ఉండగా యూదా పెద్దలు ఎదుట ఉన్నారు. నడుమ 14 చాంద్రమాన నెలలు, 413 రోజులు. అందులో చెరలోని యూదులుండే తేలాబీబు అనే ఊళ్లో ఆయన నివ్వెరపడి కూర్చున్న వారం తీసేస్తే 406. పడుకోవలసినవి 430.


శాసనం (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఆ లెక్క వేసినందుకు మీకు దండం. కానీ పంచాంగం చూసే ఇంట్లో పుట్టి అధికమాసాన్ని మరిచిపోతే ఎలా? బబులోను పంచాంగం కూడా చాంద్రమానమే, వాళ్లకూ అదనపు నెల పడేది. ఆ ఏడాది పడిందని నేను చెప్పలేను. పడితే మాత్రం 436 రోజులు, సరిపోతాయి. పైగా గ్రీకు అనువాదంలో 390 బదులు 190 అని ఉంది. పడుకున్నవాడే రొట్టెలు కూడా కాల్చుకున్నాడు కాబట్టి రాత్రీ పగలూ కదలకుండా ఉన్నాడనీ అనుకోనక్కర్లేదు. రోజూ కాసేపు, జనం చూసే వేళకు పడుకుని ఉంటాడు.

‘దాబార్’ వాదం మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. మన భాషలో ‘అర్థం’ అంటే భావమూ, డబ్బూ. అంతమాత్రాన పద్యానికి అర్థం చెప్పినవాడి జేబు నిండుతుందని తెలుగువాళ్లు నమ్ముతారని ఎవరైనా రాస్తే ఏమంటాం? ఒక మాటకు రెండు అర్థాలు ఉండటం నిఘంటువు సంగతి.

మైమోనిడీస్ అభ్యంతరం నాకు తిరగేసి కనిపిస్తుంది. ఆయనకు అవమానకరంగా తోచిందే అక్కడి విషయం. యెషయా క్రియ ఎప్పటిదో చూడండి: అస్సీరియా రాజు సర్గోను పంపిన సేనాధిపతి అష్డోదును పట్టుకున్న కాలం, క్రీ.పూ. 711 ప్రాంతం. యూదాలో కొందరు ఈజిప్టును, దానికి దక్షిణాన ఉన్న కూషును నమ్ముకుని తిరగబడదామంటున్నారు. మీరు నమ్ముకున్నవాళ్లే రేపు ఇలా నడిచిపోతారని ఆయన తన ఒంటితో చూపించాడు. బలావత్ అనే అస్సీరియా ఊరి ద్వారాల కంచు రేకుల మీద అస్సీరియన్లు బందీలను దిగంబరంగా నడిపించే దృశ్యాలు ఇప్పటికీ చూడవచ్చు. అది దర్శనంలో ఆయన ఒక్కడే చూస్తే ఎవరికి ఉపయోగం?


వీధిరంగం (మంగళవారం, రాత్రి 8:05)

ఇరవై ఏళ్లు వీధి నాటకాలు వేసినవాడిగా ఇక్కడ ఆగలేకపోతున్నాను. మీరందరూ గ్రంథంలా చదువుతున్నారు. ఇది ప్రదర్శన. మన దగ్గర రోడ్డు మీద వంటావార్పు చేసినప్పుడు, గేదెకు వినతిపత్రం ఇచ్చినప్పుడు, పంట కుప్పకు నిప్పు పెట్టినప్పుడు జరిగేది ఇదే. మాట వినని అధికారానికి కంటితో చూపించడం. ప్రవక్తలను నేటికి తెచ్చుకోవాలంటే ప్రార్థన కూడికల్లో కాదు, ధర్నా చౌకుల్లో వెతకండి.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ప్రదర్శన బాగుంటే మాట నిజమని అర్థం కాదు. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు, ఐదో నెల. యిర్మీయా మెడ మీద కొయ్య కాడితో తిరుగుతున్నాడు. బబులోనుకు లోబడితే బతుకుతారని ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను దూతలకూ అదే చెప్పి పంపాడు. అప్పుడు ఆలయంలో, యాజకులూ ప్రజలూ చూస్తుండగా, హనన్యా అనే ప్రవక్త ముందుకొచ్చి ఆ కాడిని యిర్మీయా మెడ మీద నుంచి లాగి విరిచేశాడు. రెండేళ్లలో బబులోను కాడిని దేవుడు ఇలాగే విరుస్తాడు, దోచుకుపోయిన ఆలయ సామగ్రి తిరిగి వస్తుంది అన్నాడు. నాటకం తెలిసినవాడిగా చెబుతున్నాను, చప్పట్లు హనన్యాకే పడతాయి. యిర్మీయా ఏం చేశాడు? ఆమేన్, అలాగే జరగనీ అన్నాడు, యుద్ధం చెప్పిన పాత ప్రవక్తల సంగతి ఒక మాట గుర్తుచేసి తన దారిన వెళ్లిపోయాడు. ఆ గుంపు ముందు ఆయన చేతిలో ఎదురు దృశ్యం లేదు. విరిగిన కొయ్య కాడి బదులు ఇనుప కాడి వస్తుందన్న మాట తరువాత వచ్చింది. హనన్యా ఆ ఏడే ఏడో నెలలో చనిపోయాడు. క్రీ.పూ. 586లో ఆలయం తగలబడింది.

నేను ఎన్ని నాటకాల్లో హనన్యానో లెక్కపెట్టుకోవడం మానేశాను. గుంపు వినాలనుకున్నదే విరిచి చూపించాను.


ఎదురుప్రశ్న (మంగళవారం, రాత్రి 8:40)

అయితే ఆ రోజు ఆలయంలో నిలబడ్డ మామూలు మనిషి ఎవరిని నమ్మాలి? ఇద్దరూ దేవుడి పేరే చెప్పారు, ఇద్దరూ కాడితోనే చూపించారు. తరువాత ఎవరు చనిపోయారో చూసి నిర్ణయించండి అనడం అతడికి ఏ సాయం?


వీధిరంగం (మంగళవారం, రాత్రి 8:52)

ఎవరి మాట వింటే తనకు ఖర్చు లేదో, అతడిని రెండుసార్లు అనుమానించాలి. ఇంతకంటే నా దగ్గర లేదు.


గోమెరు పక్షాన (బుధవారం, ఉదయం 11:10)

ఖర్చు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. క్రియ చేసినవాడికే నష్టమని ఆదివారంబడి అయ్యగారు మొదట్లో అన్నారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. హోషేయ ప్రవక్త క్రియలో నష్టం ఎవరిది? ఇశ్రాయేలు అవిశ్వాసాన్ని చూపించడానికి, వ్యభిచారం చేసే స్త్రీని పెళ్లాడమన్న ఆజ్ఞ మీద గోమెరును పెళ్లాడాడు. పుట్టిన పిల్లకు ‘జాలి పొందనిది’ అనే అర్థం వచ్చేలా లోరూహామా అని, తరువాతి కొడుక్కి ‘నా ప్రజ కాదు’ అని లోఅమ్మీ అని పేరు. ఆ పిల్లలు ఏ ఆజ్ఞ విన్నారు?

మన పల్లెల్లోనూ పెంటయ్య, తవిటమ్మ అనే పేర్లు ఉన్నాయి. వరసగా బిడ్డలు పోతుంటే, ఈసారి పుట్టినదాన్ని పెంట మీద పడుకోబెట్టో, గుప్పెడు తవుడుకు అమ్మి తిరిగి కొన్నట్టు చేసో పెట్టిన పేర్లు. వినడానికి మోటుగా ఉన్నా, మృత్యువు కంట పడకుండా బిడ్డను దాచుకునే తల్లి తెలివి అది. అదీ సూచక క్రియే. హోషేయ పెట్టిన పేర్లు బిడ్డను దాచవు, వీధిలో నిలబెడతాయి.

యెహెజ్కేలు భార్య సంగతి ఇంకా కష్టం. ఉదయం ఆయన ప్రజలతో మాట్లాడాడు, సాయంత్రానికి ఆమె చనిపోయింది. ఏడవకూడదు, తలపాగా తీయకూడదు, చెప్పులు విడవకూడదు. యెరూషలేము ఆలయం పోయినప్పుడు మీరూ ఇలాగే ఏడవలేక నిలబడతారని చూపించడానికి. ఆమె పేరు కూడా గ్రంథంలో లేదు. ఇది దర్శనమైతే బాగుండునని ఆ ఒక్కచోట నేను మైమోనిడీస్ పక్షం.


ఆదివారంబడి (బుధవారం, రాత్రి 9:30)

అమ్మా, పొద్దున్నుంచి ఏం రాయాలో తోచలేదు. హోషేయ గ్రంథంలోనే తరువాత ఆ పేర్లు తిరగబడతాయి, జాలి పొందనిది జాలి పొందుతుంది, నా ప్రజ కానివాళ్లు నా ప్రజ అవుతారు. తరగతిలో ఒక పాప "ఆ అమ్మాయిని బడిలో ఏమని పిలిచేవారు సార్" అని అడిగితే నేను ఇదే జవాబు చెప్పాను. ఆ పాప తల ఊపింది కానీ ఒప్పుకోలేదని అప్పుడే తెలిసింది నాకు. పేరు మారేదాకా ఆ పిల్ల ఎన్నేళ్లు దాన్ని మోసిందో గ్రంథం చెప్పదు.

చేసినవాడికే నష్టమన్న మాట సరిదిద్దుకుంటున్నాను. చేసినవాడు తప్పించుకోలేదు అనేంతవరకే నిలబడగలను. యెహెజ్కేలు ఆ సాయంత్రం భార్యను పోగొట్టుకున్నవాడు కూడా. ఇది మీ ప్రశ్నకు జవాబు కాదని తెలుసు.

వేపచెట్టు గారికి ఒక మాట. యిర్మీయా 32వ అధ్యాయం చదివారా? ఆ గ్రంథంలో మట్టిపాత్ర ఇంకొకటి ఉంది.


వేపచెట్టు (గురువారం, రాత్రి 10:15)

చదివాను, అమ్మకు కూడా చదివి వినిపించాను. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమని అడిగాడు. అనాతోతు యెరూషలేముకు కూతవేటు దూరం, అంటే అప్పటికి శత్రువు కాళ్ల కింద ఉన్న నేల. యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. దస్తావేజు రాసి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేసిన ప్రతినీ ముద్ర లేని ప్రతినీ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా రోజులు పాడవకుండా మట్టిపాత్రలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొంటారట.

అమ్మ అడిగింది: "ఆ పొలం ఆయన దున్నుకున్నాడా?"

లేదన్నాను. తరువాత ఆయనను ఈజిప్టుకు తీసుకుపోయారు.

"డబ్బు?"

ఇచ్చేశాడు, తూచి మరీ.

"సాక్షులు ఉన్నారా?"

ఉన్నారు.

అమ్మ కాసేపు ఊరుకుని, "ఆ రాత్రి చీటీలో నేను మీ మామయ్య దగ్గర తీసుకున్న బాకీ కూడా రాశాను. అది పగలగొట్టకుండా ఉండాల్సింది" అంది. ఎందుకంటే చెప్పలేదు. మర్నాడు పొద్దున మామయ్యకు ఫోను చేసింది, నేను వంటింట్లో ఉండి సగమే విన్నాను.

శాసనం గారూ, ముద్ర వేసిన ప్రతి ఒకటి, ముద్ర లేనిది ఇంకొకటి ఎందుకు? ఇది అమ్మ సందేహమే.


శాసనం (గురువారం, రాత్రి 11:05)

మీ అమ్మగారికి రిజిస్ట్రారు ఆఫీసులో ఉద్యోగం ఇవ్వాలి. ముద్ర లేనిది ఎవరైనా తీసి చదువుకోవడానికి. దానిలో ఎవరో దిద్దారని తగవు వస్తే, సాక్షుల ఎదుట ముద్ర విప్పి లోపలి ప్రతితో సరిచూడటానికి. యూదయ ఎడారి గుహల్లో క్రీ.శ. 2వ శతాబ్దపు దస్తావేజులు దొరికాయి. బబతా అనే స్త్రీ కట్ట కట్టి దాచుకున్నవి వాటిలో ఉన్నాయి. ఒకే కాగితం మీద రెండుసార్లు రాసి, పై భాగాన్ని చుట్టి దారంతో కట్టి, కింది భాగాన్ని చదువుకోవడానికి వదిలేశారు. పద్ధతి మరో ఏడు వందల ఏళ్లకు కూడా పెద్దగా మారలేదన్నమాట. ఆమె మాత్రం వాటిని కుండలో పెట్టలేదు, తోలు సంచిలో పెట్టుకుంది.